కాలువ కట్టేసిన నెల

ఏప్రిల్ చివర్లో నీళ్ళాపేస్తారు.
మూడో రోజుకే నరసాపురం కాలువ అడుగు బయటపడుతుంది:
ఒంటి చెప్పు, గాజుపెంకులు, నత్తగుల్లలు,
ఎవరిదో సైకిల్ రిమ్ము,
వేళ్ళు పైకి పెట్టి వెల్లకిలా పడ్డ గుర్రపుడెక్క.

ఆ రోజే లాకుల లస్కరు ఏసురత్నం
పాలకొల్లులో మా ల్యాబుకొచ్చాడు, రక్తం ఇవ్వడానికి.
షట్టరు పిడి జారి తగిలిందట,
మోకాలి కింద అరచేయంత మేర కమిలిపోయింది,
నేరేడుపండు నలిపినట్టు.

సూది తీస్తుంటే అడిగాడు:
“పాత రక్తం ఎటెళ్తాదండీ?
కొత్తది ఊరతానే ఉంటాదంటారు గదా,
మరి పాతది తియ్యకపోతే
గట్టు తెగిపోవాలి గదండీ.”

ముప్ఫై ఏళ్ళు నీటిని కొలిచినవాడి ప్రశ్న.
దూది గట్టిగా నొక్కి పట్టుకోమన్నాను.
అంతకు మించి చెప్పలేకపోయాను.
వెనక ఇంకా పదకొండు మంది ఉన్నారు.

మధ్యాహ్నం అతని స్లయిడు మైక్రోస్కోపు కింద పెట్టాను.
ఎర్రకణాలు, నడుమ వేలితో అదిమిన
పిండిముద్దల్లా.
ఒక్కోటీ బతికేది నాలుగు నెలలు,
ఇంచుమించు ఒక దాళ్వా పంట.
నారు పోసిన నాడు పుట్టిన కణం
కోతల నాటికి బిరుసెక్కుతుంది.

ఏసురత్నం గారూ,
మీ ఎడమ డొక్కలో, పక్కటెముకల చాటున,
ఒక లాకుంది.
జ్వరానికి ఉబ్బితే మీ అమ్మ దాన్ని ‘బల్ల’ అని ఉంటుంది.
దాని తలుపుల సందు కణం కంటే ఇరుకు.
వంగగలిగినవి వంగి దాటిపోతాయి.
వంగలేనిది అక్కడే ఆగుతుంది.
ఆగినదాన్ని కాపలాకణం మింగేస్తుంది,
కేక లేదు, మంట లేదు.
ఇనుము మాత్రం విడిగా తీసి ఎముకల్లోకి పంపిస్తుంది,
గట్టున పోసిన ఒండ్రులో
మీ ఆవిడ బెండగింజలు పెట్టినట్టు.

ఇదంతా మీకు చెప్పలేదు.
స్కూటీ మీద ఇంటికెళ్తూ చెప్పాను,
హెల్మెట్ లోపల.

కోసిన చేలో బాతులు దిగాయి, ఆరేడొందల మంద.
వాటి కాలివేళ్ళ నడుమ తోలు.
మనకీ ఉండేది, అమ్మ కడుపులో, ఏడెనిమిది వారాల దాకా.
ఆ సందుల్లో కణాలు ఒక్కొక్కటే
తమ ఇల్లు తామే కూల్చుకుని
ఇటుకలు మూటలు కట్టి గుమ్మంలో పెట్టి పోయాయి.
అవి పోబట్టే నేను సూది పట్టుకున్నాను,
మీరు షట్టరు పిడి తిప్పారు.

వంతెన దగ్గర ప్రొక్లెయినరు ఆగి ఉంది, డీజిల్ లేదట.
కాలువలో మోకాలి లోతు బురదలో అచ్చియ్యమ్మ,
ఇంకో ముగ్గురు, కొక్కేలతో తూడు లాగుతున్నారు.
నిరుడు పదిమంది ఉండేవాళ్ళు.

అన్నీ పోవు, అదీ చెప్పాలి.
కొన్ని కణాలు దెబ్బతిని, పని మానేసి,
చావమంటే చావవు.
కూర్చున్నచోటే కూర్చుని పక్కవాళ్ళ చెవిలో
రాత్రింబగళ్ళు సణుగుతాయి.
వయసులో ఉన్నంత కాలం ఎవరో వచ్చి
వాటినీ ఎత్తిపోస్తారు.
తర్వాత తర్వాత కూలీలు తగ్గిపోతారు,
కొక్కేలు తుప్పు పడతాయి.
నాకు యాభైరెండు.
కుడి బొటనవేలి కణుపులో
తెల్లవారుజామున వినిపిస్తోంది ఆ సణుగుడు.

పదో రోజు రిపోర్టు కోసం వచ్చాడు.
లుంగీ పైకి లాగి చూపించాడు:
నేరేడు రంగు పోయి ఆకుపచ్చ,
ఆకుపచ్చ అంచున పసుపు,
పండుతున్న చేను రంగు.
“మందేం రాయలేదండీ. దానంతటదే పోతంది, ఆయ్.”

“దానంతటదే కాదండీ,” అన్నాను.
కుర్చీ చూపించాను.
వెనక తొమ్మండుగురు ఉన్నారు.
ఉండనీ.